సంత చూస్తే నెల తెలిసేది

ఏమర్రా, ఇది ఏ నెలో చెప్పండి చూద్దాం. ఫోను తియ్యకుండా చెప్పాలి. ఏప్రిల్ అంటారా? అది గోడకి వేలాడే కాగితం చెప్పే మాట, చదువొచ్చిన ఎవడైనా చదువుతాడు. మా రోజుల్లో సంతలో అడుగు పెడితే చాలు, చైత్రమో వైశాఖమో కూరలే చెప్పేసేవి. చింతచిగురు కుప్పలు పోశారంటే ఉగాది అటో ఇటో ఉన్నట్టే. ములక్కాడలు కట్టలు కట్టలుగా దిగి, వాటి పక్కన లేత పనసకాయలు దొర్లాయంటే ఎండలు ముదురుతున్నట్టే. టెంక కట్టని మామిడికాయ పప్పులోకి, టెంక ముదిరిన కాయ ఆవకాయలోకి. ఆ కాయకీ ఈ కాయకీ మధ్య గడిచేదే మాకు తొలి వేసవి. మీకు పన్నెండు నెలలూ క్యాలీఫ్లవరే, పన్నెండు నెలలూ క్యారెట్టే.

మాది శృంగవరపుకోట వైపు, అరకు కొండల కింద. సంత రోజున ఏజెన్సీ నుంచి గిరిజనులు తెల్లారకముందే కొండ దిగేవారు. కావిళ్ళలో కొత్త చింతపండు, పసుపుకొమ్ములు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, తేనె సీసాలు. మా అమ్మ చింతపండు చిటికెడు తుంపి నాలిక మీద వేసుకునేది. రంగు ఎర్రగా ఉంటే కొత్తది, నల్లబడితే పోయినేటిది. ఆవిణ్ణి మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు. ఏడాదికి సరిపడా ఒక్కసారే కొని, ఈనెలు లాగి, పిక్కలు తీసి, ఉప్పు వేసి జాడీలోకి అదిమేది. పిక్కలు పిల్లల వాటా. వాటిని అరుగు మీద ఓ పక్క అరగదీసి పచ్చీసు ఆడేవాళ్ళం, వేసవి సెలవులన్నీ ఆ ఆటలోనే పోయేవి... ఏదో చెబుతూ ఎక్కడికో వచ్చాను. పనసకాయ దగ్గరికి రానివ్వండి.

పనసకాయ కొంటే పొట్టు కొట్టి ఇచ్చే మనిషి అక్కడే కూర్చుని ఉండేవాడు. పనస పాలు అంటితే వదలవు గనక చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, టకటకా కొడుతుంటే సరుకు కొనడం మానేసి నిలబడి చూసేవాళ్ళం. పొట్టు కొట్టిన పూటే కూర పొయ్యెక్కాలి, దించాక ఆవ పెట్టాలి. మీరు కొనే పొట్టు ప్యాకెట్లో వస్తోంది. ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో ఆ పైవాడికే తెలియాలి. నల్లబడిన పొట్టుకి ఆవ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

ఇక తూకం సంగతి. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది గానీ, మా సంతలో ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు వీశెలే నడిచాయి. వీశె అంటే మీ లెక్కలో దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. అందులో సగం పదలం, పావు ఏబులం. ముల్లు సరుకు వైపు మొగ్గితే గానీ మా అమ్మ సంచి తెరిచేది కాదు. తూకం అయ్యాక కొసరు: గుప్పెడు పచ్చిమిరపకాయలో, రెండు రెబ్బల కరివేపాకో. బేరం ఆడకుండా కొంటే అమ్మే ఆమెకే నచ్చేది కాదు. ఆ బేరంలోనే వాళ్ళ ఊళ్ళో వాన పడిందా, ఆవు ఈనిందా, పెద్దపిల్లకి సంబంధం కుదిరిందా అన్నీ తేలేవి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా. అంకె పైకి పోయిందంటే ఒక్క బెండకాయ వెనక్కి తీసేస్తారు. ఫోనుతో డబ్బు కొట్టగానే బల్ల మీది పెట్టె మాట్లాడుతుంది, మనుషులు మాట్లాడుకోరు.

రైతుబజార్లు మంచివి కాదా తాతగారూ అంటారు. మంచివే, కాదనను. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరిలో మొదలయ్యాయి. రైతుకి టోకు ధర కన్నా నూటికి పాతిక ఎక్కువ ముట్టాలి, మనకి చిల్లర ధర కన్నా నూటికి పాతిక తక్కువకి దొరకాలి, మధ్యలో దళారీ ఉండకూడదు అన్నది లెక్క. విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార బజార్లకి ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి రైతులు తొలి బస్సుకే గంపలతో దిగేవారు. బీరకాయ మీద మంచు ఆరకముందే మన సంచిలో పడేది. ధర బోర్డు మీద రాసేస్తారు గనక బేరం లేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఇప్పుడు ఏ బజారుకైనా వెళ్ళి చూడండి. మన బీరకాయ పక్కనే ఊటీ క్యారెట్టు, ఎండల్లో క్యాలీఫ్లవర్. ‘ఈ దోసకాయలు ఎప్పుడు కోశావు నాయనా’ అని అడిగితే ‘పొద్దున్న లారీకి వచ్చాయి సార్’ అంటాడు. నేనడిగింది లారీ సంగతా?

మామిడి మాట ఎత్తకూడదనుకున్నాను గానీ ఎత్తక తప్పడం లేదు. మా వైపు ముందొచ్చే పండు సువర్ణరేఖ. అదైనా ఏప్రిల్ నెలాఖరుకి గానీ సరిగా అందదు, బంగినపల్లి దాని వెనకే. కాయ దించి, గదిలో వరిగడ్డి పరిచి, వరసలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి తలుపు వేసేవారు. మాగే వాసన ఇల్లంతా తిరిగేది, పిల్లలం తలుపు సందులో ముక్కులు పెట్టుకుని పడిగాపులు పడేవాళ్ళం. ఇప్పుడు మార్చిలోనే పసుపు పూసినట్టు పళ్ళు కుప్పలు పడుతున్నాయి. కార్బైడ్ పెట్టి పండించడాన్ని చట్టం నిషేధించింది. ఇథిలిన్ వాయువుతో మాగబెట్టొచ్చు, అదీ గాలిలో పది లక్షల వంతులకి 100 వంతులు మించకుండా. అయినా పైన పసుపూ, లోపల తెలుపూ, టెంక దగ్గర పులుపూ ఉన్న పండు మీరు కొని తెస్తూనే ఉన్నారు. అమ్మేవాణ్ణి తిట్టి ఏం లాభం? మార్చిలో మామిడిపండు కావాలనేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ మార్చిలో దాన్ని పండించేవాడు ఉంటాడు. ఈ తొందర మీది.

మా మనవరాలు అంటుంది, ‘తాతయ్యా, మీ రోజుల్లో ఎండ కూడా చల్లగా ఉండేదంటావు’ అని. ఉండేదే. మా సంత చింతతోపులో జరిగేది, మీ బజారు రేకుల కింద జరుగుతోంది. అయితే ఆ పిల్ల ఇంకో మాట అడిగింది: కావిడి మోసుకుని కొండ దిగినవాళ్ళకి ఎంత ముట్టేది అని. తక్కువే ముట్టేది. ఉప్పుకీ, ఎండుచేపలకీ, కిరసనాయిలుకీ చింతపండు దిగబోసి ఉత్త చేతులతో కొండెక్కినవాళ్ళని నేను చూశాను. వాళ్ళ సరుకుకి సరైన ధర ఇవ్వాలనే గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. ఆ రోజుల్లో అన్యాయం లేదని నేననడం లేదు. ఋతువు ఉండేదంటున్నాను. ధర్మమైన ధరా, ఋతువూ రెండూ కలిపి ఉంచుకోవడానికి మీకేం అడ్డమొచ్చింది?

కాబట్టి పెద్దవాడి మాట వినండి. ఈ ఆదివారం ఎండెక్కకముందే లేచి, గుడ్డసంచి పట్టుకుని రైతుబజారుకి వెళ్ళండి. నిండుగా పేర్చిన బల్లలు దాటి, ఓ చివర గోనెపట్టా మీద నాలుగే రకాలు పెట్టుకుని కూర్చున్న ఆమె దగ్గర ఆగండి. నాలుగే ఉన్నాయంటే అవి ఆమె చేలోవో దొడ్లోవో అయ్యుంటాయి. ఏ ఊరమ్మా, ఎప్పుడు కోశావు అని అడగండి. బేరం మీకెలాగూ చేతకాదు, ఆడకండి, కాసేపు మాట్లాడండి. చింతచిగురు కనబడితే కొని, పుల్లలు ఏరి, చేత్తో నలిపి కందిపప్పులో వేసుకోండి. మామిడిపండు మాత్రం మే నెల దాకా కొనకండి.