అంతర్వాహిని బేస్

కాళేశ్వరంలో గోదావరి కనిపిస్తుంది, ప్రాణహిత కనిపిస్తుంది. మూడోదైన సరస్వతి అంతర్వాహిని, నమ్మి మునగాలి. 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలకు జనం అలా నమ్మే వచ్చారు. భక్తితో పేచీ లేదు. పేచీ అంతా టేకు పలకకు రెండు కంతలు కోసి, స్పీకర్లు బిగించి, వెనక డబ్బా లేకుండా నిలబెట్టి ‘ఓపెన్ బఫెల్’ అనే ఇంటి శిల్పులతోనే. వాళ్ళ బేస్ కూడా అంతర్వాహినే. వినబడలేదంటే మన చెవుల్లో లోపమట. వాళ్ళ సిద్ధాంతం ఒకటే: యాంప్లిఫయర్‌కీ స్పీకర్‌కీ మధ్య ఏదీ, ధ్వనిని బేస్ స్పీకర్‌కూ ట్వీటర్‌కూ పంచే క్రాస్‌ఓవర్ కూడా, ఉండకూడదు, తప్పదంటే ట్వీటర్‌కు ఒక్క కెపాసిటర్. అంతకు మించితే సంగీతం మైలపడుతుందట.

మధ్యలో ఏదీ లేదన్నది భ్రమ. గాలి ఉంది. కోను ముందుకు తోసినప్పుడు వెనక లాగుతుంది. ఆ వెనక తరంగం రెండడుగుల పలక అంచు దాటి ముందుకొచ్చి ముందుదాన్ని కొట్టేస్తుంది. 100 హెర్ట్జ్ తరంగం పొడవు 3.4 మీటర్లు, దానికి ఈ పలక ఒక అడ్డేనా? అందుకే ఒక హద్దు దిగాక ప్రతి స్థాయికీ (ఆక్టేవ్‌కీ) 6 డెసిబెల్స్ పోతాయి, అంటే ధ్వని పీడనం సగమవుతుంది. క్రాస్‌ఓవర్ వద్దన్న మహానుభావుడికి గాలే ఒకటి ఉచితంగా బిగించి పెట్టింది. ఆయన దాన్ని లెక్కలో వేయలేదు, అంతే. పోయినదాన్ని వాల్యూమ్ పెంచి రాబట్టుకుందామంటే, అదే బిగ్గరతనంతో ఒక స్థాయి కిందికి దిగడానికి కోను ఎనిమిది రెట్లు కదలాలి. మూసిన డబ్బాలో అయితే నాలుగు రెట్లు చాలు. అలా ఊగిపోతున్న కోనే గాయని గొంతునూ మోయాలి.

‘ఒక్క కెపాసిటర్ చాలు, ఫేజ్ చెడదు’ అంటారు. కాగితం మీద నిజమే. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు 4 మైక్రోఫారడ్లు పెడితే హద్దు 5000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. కానీ రెండు స్థాయిలు కింద, 1250 దగ్గర కూడా, తగ్గేది 12 డెసిబెల్సే. పైగా 8 ఓమ్‌లన్నది అట్టపెట్టె మీది రాత. సాధారణంగా ట్వీటర్ తన అనునాదం దగ్గర ఆ మాట నిలబెట్టుకోదు. ఫేజ్ నిలవాలంటే రెండు స్పీకర్లూ ఒకే బిందువులో ఉండాలి. పలక మీద జానెడు దూరం కనిపిస్తూనే ఉంది.

అంగట్లో దొరికే క్రాస్‌ఓవర్ బోర్డులు పాటను పాడుచేస్తాయన్న వాదనను మాత్రం ఒప్పుకోవాలి. ఆ బోర్డుకు మీ పలకా తెలియదు, మీ స్పీకరూ తెలియదు. అయితే దాన్నిబట్టి కొలిచి చేసుకోమని తేలుతుంది గానీ, పారేయమని కాదు. రైలీతో కలిసి రూపొందించి, ఇద్దరి పేరిట నిలిచిన క్రాస్‌ఓవర్‌ను 1976లో ప్రకటించిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జే తర్వాత ఓపెన్ బఫెల్‌కు పెద్ద ప్రచారకుడయ్యాడు. తన ఎల్‌ఎక్స్521 స్పీకర్‌లో ధ్వనిని నాలుగు భాగాలు చేశాడు, యాంప్లిఫయర్‌కు ముందే ఎలక్ట్రానిక్ క్రాస్‌ఓవర్ పెట్టాడు, పలక మింగిన బేస్‌ను కావాలనే ఎత్తాడు. ఆయన చెవులూ మైలపడ్డాయేమో!

ఊరేగింపు డీజే బండిని అందరం తిట్టుకుంటాం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో దాన్ని నిషేధించారు కూడా. అయినా బేస్‌కు ఎంతవరకు, టాప్‌కు ఎక్కణ్నుంచి అన్నది ఆ బండి మీది కుర్రాడికి తెలిసి ఉంటుంది. తెలియకపోతే డయాఫ్రమ్ ఆ రాత్రే కాలుతుంది. పలక శిల్పికి ఆ భయం లేదు. మెల్లగా వీణ పెట్టుకుంటాడు, మంద్రం రాకపోతే రికార్డింగే బాగాలేదంటాడు.