ఏది వయసు? ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

పుట్టె నెపుడొ తల్లి పూర్తిగా చెప్పును
పంతులయ్య జూను పట్టి రాసె
కార్డులన్ని తెచ్చి కౌంటరు ముందుంచ
ఏది నిజము బాబు ఏది వయసు?

అవతారిక: పూండి చెరువుకట్ట పక్క ఊళ్లో ఒక తెలుగింటి కుర్రాడికి పదిహేడు నిండాయి. ఓటరు జాబితాకు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చని విని, తల్లిని వెంటబెట్టుకుని తిరువళ్లూరులో ఓ నెట్ సెంటరుకు వెళ్లాడు. కౌంటరు వెనక కూర్చున్న అతను కాగితాలన్నీ చూసి అడిగిన ప్రశ్నే పద్యంలో నాలుగో పాదం. కవి పేరు తెలియదు. తెలిసినా ఆధార్‌లో మరోలా ఉండేదేమో!

ప్రతిపదార్థం: తల్లి = కన్నది; పూర్తిగా చెప్పును = తిథి, వారం, ఆ రోజు కురిసిన వానతో సహా చెబుతుంది; పంతులయ్య = బళ్లో చేర్చుకున్న అయ్యవారు; జూను పట్టి = బళ్లు తెరిచే నెలను ఆధారం చేసుకుని; రాసె = రాసేశాడు, ఇక చెరగదు; బాబు = ఓ అబ్బాయీ. ‘తంబి’ అని స్థానిక పాఠాంతరం ఉంది, గణభంగం లేదు కనుక గ్రాహ్యమే. ‘బాబు ఏది’ అన్నచోట సంధి చేయకపోవడం దోషమే. కాగితాలకే సంధి కుదరనప్పుడు పద్యానికి మాత్రం ఎలా కుదురుతుంది?

తాత్పర్యం: కాగితానికో పుట్టినరోజు ఉన్నవాణ్ణి, అందులో నీది ఏదని అడుగుతున్నారు.

ఇక ‘పంతులయ్య’ పదం దగ్గర వ్యాఖ్యాత కాసేపు ఆగక తప్పదు. పూండికి దగ్గర్లోనే తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన ఊరు. అక్కడి తెలుగింటి బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టినరోజు 1888 సెప్టెంబరు 5 అని దేశానికంతా తెలుసు, 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవం ఆ రోజే. కానీ కొడుకు సర్వేపల్లి గోపాల్ రాసిన జీవితచరిత్ర తిరగేస్తే, అది కాగితం మీది తేదీ మాత్రమే. తాను పుట్టింది నిజానికి 1887 సెప్టెంబరు 20న అనే మాటవైపే రాధాకృష్ణన్ మొగ్గు చూపారట. అంటే దేశంలోని గురువులందరికీ ఏటా పూలిచ్చే రోజు ఒక రికార్డు తేదీ! పద్యంలోని పంతులయ్యకు ఇంతకన్నా సన్మానం లేదు.

శంక: కన్నతల్లి మాట ఉండగా కాగితం ఎందుకు? సమాధానం: శాస్త్రాల్లో ప్రత్యక్షానిదే పెద్దపీట. ఆఫీసుల్లో శబ్దానిదే పెద్దపీట, అదీ సీలు వేసిన శబ్దానికే. బాలల న్యాయ చట్టం (2015) 94వ సెక్షను క్రమం చూడండి. ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఎముక దాకా వెళ్లి అనుమాన ప్రమాణం ఒప్పుకున్నారు గానీ, అమ్మ దగ్గర ఆగలేదు.

మన బాబు సంచిలో ఏమున్నాయంటే, జనన పత్రంలో తేదీ సరిగ్గానే ఉంది, జులై చివర. పేరు గడి మాత్రం ఖాళీ. పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా, పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. ఆ గడువు రెండేళ్ల కిందటే దాటింది. పదో తరగతి సర్టిఫికెట్లో పేరుంది, తేదీ జూన్ 1. బడి కాగితం చూపి చేయించిన ఆధార్‌లోనూ జూన్ 1. నిజానికి పేరు లేదు, పేరున్నదాంట్లో నిజం లేదు.

ఈ తేడా చిన్నది కాదు. ఓటుకు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు. జూన్ అయితే జులైకే ఓటరు. అమ్మ చెప్పిన తేదీ అయితే అక్టోబరు దాకా ఆగాలి. అయ్యవారి కలం మూడు నెలల ప్రజాస్వామ్యాన్ని ముందే ఇచ్చేసింది.

‘కార్డులన్ని’ అనడంలో స్వారస్యం ఉంది. ఓటరు ఫారం 6లో వయసు రుజువుల వరుసలో ఆధార్ ఉంది. భవిష్యనిధి సంస్థ మాత్రం 2024 జనవరిలో పుట్టినతేదీ రుజువుగా ఆధార్‌ను తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఆధార్‌ను పక్కనపెట్టి బడి టీసీలోని తేదీనే తీసుకుంది. ఒక గుమ్మంలో దేవుడు, మరో గుమ్మంలో రాయి.

యుగభేదమూ ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికైనా పాస్‌పోర్టుకైనా జనన పత్రమే ఏకైక ప్రమాణం. మన బాబు పాతయుగం వాడు, వాడికింకా ఎంచుకునే బాధ ఉంది. ఆ బాధ సైన్యాధిపతినీ వదల్లేదు. మెట్రిక్ సర్టిఫికెట్లో 1951, సైన్యంలో చేరేటప్పటి దరఖాస్తులో 1950 ఉన్న జనరల్ వి.కె.సింగ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2012లో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు.

వ్యాఖ్యాతకు మింగుడుపడకపోయినా సిద్ధాంతం ఇదీ: బాబు పదో తరగతి సర్టిఫికెటే పెట్టాలి. రేపు ఉద్యోగం వాళ్లూ పాస్‌పోర్టు వాళ్లూ చూసేది దాన్నే. తమ్ముడుంటే వాడి పదో తరగతి నామినల్ రోల్ బడి దాటకముందే జనన పత్రం తీసుకెళ్లి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాలి. పనిలోపనిగా పేరూ చూసుకోవాలి. తమిళ లిపిలో ‘ప’కూ ‘భ’కూ ఒకటే అక్షరం, అందులోంచి ఇంగ్లీషులోకి ఎక్కితే భరత్ పరత్ అయి కూర్చుంటాడు.

తల్లి మాత్రం కౌంటరు మీద మోచేతులాన్చి ఇంకా చెబుతూనే ఉంది. “ఆడికృత్తిక తెల్లారి పుట్టినాడు సార్, తిరుత్తణి కొండకు కావళ్లు పోతా ఉండె.” అతను తలూపి, ఆమె ఆధార్ తీసుకుని చూశాడు. జనవరి 1.