గని మీది, గొయ్యి మాది

మన గనుల శాఖ వారు హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చే ఏ ఓనరు దగ్గరైనా ఓ వారం ట్రైనింగు తీసుకోవాలని నా మనవి. ఓనరు నెల నెలా వచ్చే అద్దె ఒక్కటే చూసుకోడు. గోడకు మేకు కొడితే ఎంత, ఖాళీ చేశాక పెయింటింగుకు ఎంత, అన్నీ లెక్కేసి ముందే అడ్వాన్సు గుంజి పెట్టుకుంటాడు. సర్కారు వారు మాత్రం కొండకు కొండే అద్దెకిచ్చి, అడ్వాన్సు మాటెత్తేసరికి మొహమాటపడిపోతారు.

ఆ మొహమాటానికి రూల్సులో ఫైనాన్షియల్ అస్యూరెన్స్ అని పేరు. తవ్విన నేలను బాగుచేస్తానని గని యజమాని ఇచ్చే పూచీ అన్నమాట. 2003 నుంచి 2017 దాకా పెద్ద గనులకు ఇది హెక్టారుకు 25,000 రూపాయలు. 2017లో 3 లక్షలు, 2021 సవరణలో 5 లక్షలు అయింది. వినడానికి ఘనంగానే ఉంది. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకు 50 రూపాయలు. గొయ్యి 30 మీటర్ల లోతుంటే ఘనపు మీటరుకు దక్కేది రూపాయిన్నర పైచిలుకు. మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాక్టరు ట్రక్కుకు ఐదు రూపాయలు! మట్టి సంగతి దేవుడెరుగు, డ్రైవరుకు టీ కూడా రాదు.

అన్ని గోతులూ పూడ్చనక్కర్లేదు, కొన్నిటిని చెరువులు చేసుకోవచ్చు అంటారు. సరే, చెరువుకైనా గట్టూ కంచే కావాలిగా!

యజమాని అమాయకుడేం కాదు. నేల బాగుచేస్తే కోట్లు ఖర్చు, చెయ్యకపోతే పోయేది ఆ గ్యారంటీ. గని మూసివేత ప్లాను ఇవ్వకపోతే గ్యారంటీ జప్తు చేస్తామని 2021లో సర్కారు హుంకరించింది. మనం దాన్ని శిక్ష అనుకుంటాం, ఆయన డిస్కౌంటు అనుకుంటాడు.

అనంతపురం సరిహద్దు అవతల బళ్లారిలో, హద్దు మీరి తవ్విన గోతులకు హెక్టారుకు 5 కోట్లు కట్టమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో దండన కూడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుల్లోనే రూల్సులో పూచీ పాతిక వేలు!

గ్యారంటీ పెంచితే పెట్టుబడులు పారిపోతాయని, ఆదాయం పడిపోతుందని పెద్దలు బెంగపడతారు. ఇనుప ఖనిజం మీద 15 శాతం రాయల్టీ ఈ ఏడాదే ఆదాయం పద్దులో చేరుతుంది, ప్రెస్ మీట్లో చప్పట్లూ పడతాయి. గొయ్యి మాత్రం ఏ పద్దులోనూ ఉండదు. దాని బిల్లు వచ్చేనాటికి మంత్రిగారు మాజీ అయి ఉంటారు, కంపెనీ దివాలా తీసి ఉంటుంది.

కెనడాలో ఎల్లోనైఫ్ దగ్గర జెయింట్ గనికి అదే గతి పట్టింది. కంపెనీ 1999లో దివాలా తీసింది. బంగారం వెళ్లిపోయింది, భూగర్భంలో 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ధూళి మిగిలింది. శుభ్రం చేసే పని ప్రభుత్వం నెత్తిన పడింది. 2022 అంచనా ప్రకారం ఖర్చు 438 కోట్ల కెనడా డాలర్లు.

కాబట్టి అయ్యలారా, ఈసారి ఏ మంత్రిగారైనా గనుల ఆదాయం ఇంత పెరిగిందని చెబితే రెండు అంకెలు అడగండి: గోతులు బాగుచేయడానికి ఎంతవుతుంది, చేతిలో ఉన్న గ్యారంటీ ఎంత? ఆ రెండిటికీ మధ్య తేడా కట్టేది గని యజమాని కాదు, పన్ను కట్టే మీరు.