ముహూర్తం మించిపోతోంది!

మా మేనల్లుడు ఇంగ్లాండులో అత్యవసర విభాగం డాక్టరు. 'పేషెంటు వచ్చి మూడుగంటల యాభై నిమిషాలైందంటే నన్ను పలకరించకు మావయ్యా' అంటాడు. ముహూర్తం మించిపోతోందని పురోహితుడు అరిచినప్పుడు పెళ్లిపందిట్లో పుట్టే హడావుడి లాంటిదట అది. అంతదాకా కుర్చీలో కునికిన రోగికి చివరి పది నిమిషాల్లో బెడ్డు, సంతకం, వార్డు అన్నీ ఒకేసారి పుట్టుకొస్తాయి.

వచ్చిన వాళ్లని నాలుగు గంటల్లో చూసి ఇంటికో వార్డుకో పంపేయాలన్నది అక్కడి లెక్క. ఎంతమందిని అలా పంపారో నెలనెలా అచ్చేస్తారు. ఒకప్పుడు 98 శాతం అన్నారు. 2010లో 95 అన్నారు. అది కూడా 2015 జులై తర్వాత మళ్లీ అందలేదు. 2024 మార్చికి 76 చాలన్నారు. పిల్లాడు తప్పుతుంటే పాస్ మార్కులు తగ్గించే బడి మన ఊళ్లోనే ఉందనుకున్నాను.

బెడ్డు కోసం పన్నెండు గంటలు దాటి ఆగినవాళ్ల లెక్క ఇంకా ముచ్చటైనది. ఒక ముసలమ్మ పొద్దున ఏడింటికి వచ్చి కూర్చుంది. డాక్టరు సాయంత్రం ఐదింటికి 'చేర్చుకోండి' అన్నాడు. బెడ్డు తెల్లవారుజామున నాలుగున్నరకి దొరికింది. మొత్తం ఇరవై ఒకటిన్నర గంటలు. కానీ గడియారం మొదలయ్యేది డాక్టరు నోరు విప్పాకే కాబట్టి కాగితం మీద పదకొండున్నరే! పన్నెండు దాటలేదు, ఆస్పత్రి పరువు దక్కింది. 2023 నుంచి గుమ్మంలో అడుగుపెట్టినప్పటి లెక్క కూడా నెలనెలా వేస్తున్నారు. అంకె కొన్ని రెట్లు పెరిగింది. ముసలమ్మ మాత్రం అదే కుర్చీలో ఉంది.

నవ్వుతున్నాను గానీ, వాళ్లు అచ్చేశారు కాబట్టే నవ్వగలుగుతున్నాను. మనకా ఇబ్బంది లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైన నాటి నుంచీ అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో వచ్చిందో లెక్క చెబుతూనే ఉన్నాం. అది క్యాజువాలిటీ గేటు దగ్గర రోగిని దించాక లెక్కలు కూడా అక్కడే దిగిపోతాయి.

ఆమధ్య పక్కింటి తాతగారికి ఆయాసం వస్తే ఒక పెద్దాస్పత్రికి తీసుకెళ్లాను. చేతికిచ్చిన ఓపీ చీటీ మీద పేరుంది, వయసుంది, తేదీ ఉంది. టైము లేదు. ఎంతసేపైందో చూద్దామని గోడవైపు తిరిగాను. గడియారం పదీ పదికి ఆగి, వాచీల కొట్టు ప్రకటనలోలా చిరునవ్వు నవ్వుతోంది.

'బ్యాటరీ పోయింది సార్, ఇండెంట్ పెట్టాం' అన్నాడు సెక్యూరిటీ.

'ఎప్పుడు పెట్టారు?'

'మూడు నెలలైంది సార్. మీది ఎంతసేపైంది?'