చాటులైను పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

మీట దింప బండి మేలుకో దటుపైన
కాచు కన్ను కూడ కాన దపుడు
చిక్కు దీర నొక్క చిరుధార విడువుము
చాటులైను కాచు చతుర! వినుము

అవతారిక: మోడల్ రైల్‌రోడ్డు అనే వ్యసనంలో పడ్డ అమెరికా గృహస్థు ఇంటి నేలమాళిగలో కొండలూ ఊళ్లూ స్టేషన్లూ కట్టి, అసలు రైలుకు 87వ వంతు కొలతలో బండ్లు నడుపుతాడు. కంటికి కనిపించే ఊళ్లోకి బండి ఎక్కడినుంచో రావాలి, ఎక్కడికో పోవాలి గదా! ఆ ‘ఎక్కడో’ అనేది బల్ల కిందో గోడ వెనకో పరిచిన పట్టాల వరస. వారి పరిభాషలో స్టేజింగ్ యార్డు. వేషం కట్టుకుని తెర వెనక కూచున్న భాగవతుల్లా బండ్లు అక్కడ వంతు కోసం కాచుకుంటాయి. అక్కడ వెలుగు చాలదు, చెయ్యి దూరదు. ఏ లైను ఖాళీయో తెలియక, నిలిచి ఉన్న గూడ్సు వెనక్కి ఎక్స్‌ప్రెస్‌ను తోలేసిన శిష్యుడికి కవి చేస్తున్న బోధ ఇది.

ప్రతిపదార్థం: చాటులైను కాచు చతుర = కనపడని పట్టాలకు కాపలా ఉన్న నేర్పరీ; వినుము = ఆలకించు (తీగలన్నీ బిగించాక కాదు, ముందే); మీట దింపన్ = టోగుల్ స్విచ్చి ఆపగా; బండి = ఇంజను; అటుపైన మేలుకోదు = కదలదు, కూయదు; కాచు కన్ను కూడ = బండి ఉన్నదీ లేనిదీ చెప్పే డిటెక్టరు సైతం; అపుడు కానదు = గుడ్డిదవుతుంది; చిక్కు దీరన్ = ఈ ముడి విడేటట్లు; ఒక్క చిరుధార = రెండు మూడు మిల్లీ ఆంపియర్ల కరెంటు; విడువుము = పారనిమ్ము.

‘కాచు’ రెండుమార్లు పడింది, పునరుక్తి దోషమని కొందరి ఆక్షేపణ. ఒక కాపలా యంత్రానిది, రెండోది మనిషిది. దోషం లేదు.

తాత్పర్యం: కరెంటు తీసీ తీయనట్టు తీయవలెను.

టీక: అసలు మీట ఎందుకు? పాత డీసీ పద్ధతిలో పట్టాల్లో కరెంటు ఉంటే బండి నడుస్తుంది, లేకుంటే ఆగుతుంది. లైనుకొక మీట లేకపోతే దాగిన బండ్లన్నీ ఒక్కసారే బయలుదేరతాయి. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) వచ్చాక పట్టాల్లో సుమారు 15 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. ఏ ఇంజను సంఖ్యను పిలిస్తే అదే కదులుతుంది. ఇక మీట దండగ కదా అని పూర్వపక్షి. కాదు. ధ్వని డీకోడర్లున్న ఇంజన్లు ఆరు అక్కడ నిలబడితే, ఆరూ గుడగుడలాడుతూ ఊరికే కరెంటు తాగుతుంటాయి. రాత్రిపూట పై అంతస్తులో పడుకున్నవాళ్ల మాట కూడా ప్రమాణమే.

ఇక ‘కానదు’ అన్న క్రియలోనే విషమంతా ఉంది. డిటెక్టరు చూసేది బండిని కాదు, బండి లాగే కరెంటును. లైనుకు పోయే తీగను ఒక చిన్న కాయిల్ కన్నంలోంచి దూర్చితే, తీగలో కరెంటు పారినప్పుడు కాయిల్ పసిగడుతుంది. వ్యాగన్లకు మోటారు లేదు గనుక, ఇరుసు మీద 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు అతికించి రెండు చక్రాలనూ కలుపుతారు. దాంతో ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లు పారి వ్యాగనూ లెక్కలోకి వస్తుంది. మీట దించారా, ఏమీ పారదు. అప్పుడు డిటెక్టరు ‘తెలియదు’ అనదు, ‘ఖాళీ’ అంటుంది.

పెద్ద రైళ్ల లోకంలో ఈ అబద్ధానికి తావు లేదు. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో, లైను ఖాళీగా ఉన్నంతసేపూ పట్టాల్లో పారే కరెంటే రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్చిని) ఎత్తి పట్టుకుంటుంది. చక్రాలు రెండు పట్టాలనూ కలిపితే రిలే పడి ఎర్ర సిగ్నల్ వస్తుంది. తీగ తెగినా ఎరుపే, బ్యాటరీ చచ్చినా ఎరుపే. అనుమానం తగిలితే బండి ఉన్నట్టే లెక్క. బొమ్మ రైలులో ధర్మం తలకిందులైంది: తీగ తెగితే దారి సుగమమట!

అందుకే చిరుధార. టోగుల్ కాళ్లు రెంటికీ మధ్య ఐదు కిలో ఓమ్‌ల రెసిస్టరు అంటించాలి. మీట ఎత్తితే కరెంటు రాజమార్గాన పోతుంది. దించితే రెసిస్టరులోంచి మహా అయితే మూడు మిల్లీ ఆంపియర్లు. అది ఇంజనుకు చాలదు. తీగను కాయిల్ కన్నంలో నాలుగైదు చుట్లు తిప్పి ఉంటే కన్నుకు చాలు. లైను రెండు కొసలా ప్లాస్టిక్ జాయినర్లతో పట్టాను వేరుచేయడం మరవరాదు; మరిస్తే పక్క లైను కరెంటు దొడ్డిదారిన వచ్చి పద్యాన్ని చెడగొడుతుంది. ఈ ధార కొత్తదేమీ కాదు. లిన్ వెస్ట్‌కాట్ 1958లో ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికలో రెండు ట్రాన్సిస్టర్ల ‘ట్విన్ టీ’ డిటెక్టరును ప్రకటించాడు. నడిపే కరెంటు ఆపినా బండి ఉనికి తెలిసేందుకు అందులోనూ కొద్దిపాటి కరెంటును వదిలే ఏర్పాటుంది.

మతాంతరం: పట్టాల కరెంటుతో నిమిత్తమే లేని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పెడితే చిక్కే లేదని మరొక సంప్రదాయం. ఒప్పుకోదగిందే, కానీ ఆ కాంతి తానున్న బిందువునే ఎరుగును. దానికి అటూ ఇటూ ఏముందో చెప్పలేదు. నా మట్టుకు లైనంతటికీ కాయిల్, బండి ఆగవలసిన కొసన కాంతి. ఆ కాంతిని పట్టాలకు సూటిగా అడ్డం కాక ఏటవాలుగా పంపాలి, లేకుంటే పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులోంచి దూరి, బండి వెళ్లిపోయిందని పెట్టె పెట్టెకూ చాటింపు వేస్తుంది.