మోడల్ రైలు పద్యం: టీకా తాత్పర్య సహితం

దారి మొదటఁ గొనుము తనువు లట్టలఁ జేయు
పలక చిన్నదైనఁ బనికిఁ జాలు
పల్లె పిదపఁ గట్టు పాతకార్డులతోడ
కొరతె గురువు గాదె కొత్తవాడ!

టీక: కొత్తవాడ = మోడల్ రైలు మోజులో పడినవాడా; దారి = 16.5 మిల్లీమీటర్ల పట్టాలను, బండిని దారి మార్చే పాయింట్లతో సహా; మొదటన్ = రంగురంగుల పెట్టెలు కంటపడకమునుపే; కొనుము = తెప్పించుకొనుము; తనువులు = ఇంజను, వ్యాగన్ల పైతొడుగులను; అట్టలన్ = శుభలేఖల అట్టలతో; చేయు = కత్తిరించి అతికింపుము; పలక = ప్లైవుడ్ చెక్క; చిన్నది ఐనన్ = అయిదడుగుల పొడవు, అడుగు వెడల్పే ఉన్నను; పనికిన్ = షంటింగునకు; చాలు = సరిపోవును; పల్లె = స్టేషను, ఇళ్లు, చెట్టూచేమా; పిదపన్ = బండి పట్టా తప్పక నడచిన తరువాతనే; కట్టు = నిర్మింపుము; పాతకార్డులతోడన్ = మిగిలిన ఆ శుభలేఖలతోనే; కొరతె గురువు గాదె = సరుకు దొరకకపోవుటయే ఉపదేశము గదా!

తాత్పర్యం: మన ఊళ్లలో ఈ సామాను అమ్మే కొట్టు దొరకడం గగనం. విదేశం నుంచి తెప్పిస్తే ధర మీద సుంకం, సుంకం మీద రవాణా. అందుకే కవి కొనవలసినవాటినీ చేసుకోదగినవాటినీ విడదీశాడు. పట్టాలు, పాయింట్లు, చక్రాలు, మోటారు చేతిపనికి లొంగవు. అర మిల్లీమీటరు తేడా వచ్చినా బండి పట్టాలు తప్పుతుంది. డబ్బంతా వాటికే పోవాలి. 12 వోల్టుల కరెంటుకు పాత రౌటర్ అడాప్టరు, వేగానికి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరికే పీడబ్ల్యూఎం బోర్డు, ముందుకూ వెనక్కూ నడపడానికి డీపీడీటీ స్విచ్చు చాలు. జల్లించిన ఇసుకే కంకర. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే, జిగురు పైన బొట్లుబొట్లుగా నిలవకుండా ఇసుకలోకి ఇంకుతుంది. పలక చిన్నదన్న బెంగ కూడా అక్కర్లేదు. అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అనే షంటింగు పద్ధతికి రెండు పాయింట్లు, మూడు లైన్లు, 8 వ్యాగన్లు కావాలి. చీటీలు తీసి, వచ్చిన వరుసలో 5 వ్యాగన్లను కూర్చాలి. అలాంటి వరుసలు 6,720.

పూర్వపక్షం, సమాధానం: "అట్టతో చేసింది రైలెలా అవుతుంది? బొమ్మలకొలువులోకి పనికొస్తుందంతే" అని ఒక ఆక్షేపణ. ఇంగ్లండులోని పెండన్ మ్యూజియంలో రోయ్ ఇంగ్లండ్ మొదలుపెట్టిన పల్లెలో ఇళ్లు అట్టవే. చూసేవారు ముక్కున వేలేసుకుంటారు. పైగా ఇక్కడ అట్టే నిజానికి దగ్గర. అంగట్లో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టా 1,435 మిల్లీమీటర్ల గేజికి 1:87 నమూనా. మన బ్రాడ్‌గేజి 1,676. దాన్ని 1:87కు కుదిస్తే 19.3 రావాలి. అంటే 1:87లో మన ఇంజను కొన్నవాడు దాన్ని ఇరుకు దారిలో నడుపుతున్నట్టే. తొడుగు సొంతంగా చేసుకునేవాడు 1:100 ఎంచుకోవచ్చు. అప్పుడు గేజి 16.8, తేడా 0.3 మాత్రమే. మీటరుకు సెంటీమీటరు గనుక బడిపిల్లల స్కేలే కొలబద్ద: 10.7 మీటర్ల బాక్స్‌ఎన్ వ్యాగను 10.7 సెంటీమీటర్లు. "మరి తొడుగు కింద కొని పెట్టే చాసీ, అంటే చక్రాలూ మోటారూ ఉన్న అడుగుభాగం, 1:87దే కదా" అని ఇంకొకరు అడ్డుపడతారు. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను చక్రం 1,092 మిల్లీమీటర్లు, 1:100లో 10.9. కొన్న చాసీ అమెరికా డీజిలుదైతే దాని 40 అంగుళాల చక్రం 1:87లో 11.7. మిల్లీమీటరైనా లేని ఆ తేడాను బోగీ ఫ్రేము కప్పేస్తుంది. ఇరుసుల దూరం మాత్రం అచ్చుగా కుదరదు. ఆ దోషం ఒప్పుకోవలసిందే.

"లేమిని పొగడటం లేనివాడి ఓదార్పు" అన్నది చివరి ఆక్షేపణ. కవి లేమిని సంపద అనలేదు, గురువన్నాడు. గురువు చేసేది పాఠాల వరుస తేల్చడం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పల్లె ముందు కట్టి, తర్వాత పట్టా వంకర అని తెలుసుకుంటే, అతికిన ఇసుకతో సహా పెకలించాలి. జేబు నిండా డబ్బున్నవాడికీ ఆ తిప్పలు తప్పవు గనుక ఈ వరుస వాడికీ వర్తిస్తుంది.