కౌపీన సంరక్షణార్థం డానా 60

అమెరికాలో 1990 నాటి టొయోటా పికప్ ట్రక్కు కొన్నవాడికి మొదటి నెలలోనే జ్ఞానోదయం అవుతుంది: కంపెనీవాళ్ళు తనకు ద్రోహం చేశారని. 1985 మోడల్ దాకా ఆ ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి ఇరుసు ఉండేది. 1986లో దాన్ని తీసేసి, ఏ చక్రానికా చక్రం విడిగా ఊగే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టారు. కుదుపు తగ్గింది, హైవే మీద బండి తిన్నగా పోయింది. ఇంతకన్నా ఘోరం ఉంటుందా? వెంటనే దాన్ని పీకించి సాలిడ్ యాక్సిల్ వేయించాల్సిందే.

వాదనలో పస లేకపోలేదు. కాలిఫోర్నియాలో రూబికాన్ ట్రెయిల్ లాంటి చోట, బండరాళ్ళ మీద నత్తనడకన పోయేటప్పుడు, గట్టి ఇరుసు ఒక చివర రాయెక్కితే రెండో చివర చక్రాన్ని నేలకు అదిమి పెడుతుంది. చక్రంతోపాటు డిఫరెన్షియల్ కూడా లేస్తుంది. విడివిడి సస్పెన్షన్‌లో చక్రం మాత్రం పైకి పోతుంది, బండి పొట్ట రాయి మీదికి దిగుతుంది. పెద్ద టైర్లు వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ తొక్కితే సీవీ జాయింటు పుటుక్కుమంటుంది. అంతవరకూ ఒప్పుకుందాం. కానీ ‘ఇండిపెండెంట్ సస్పెన్షన్ బండి కొండెక్కదు’ అనే వేదవాక్కు ఎక్కడిది? అమెరికా సైన్యం హమ్వీకి నాలుగు చక్రాలూ విడివిడివే. హబ్బుల్లో గేర్లు పెట్టి, పొట్ట కింద 16 అంగుళాల ఖాళీ సంపాదించారు. ఆ మాటంటే మనవాడు ‘అది మిలిటరీ బండి కదండీ’ అంటాడు, తనది ఆఫీసుకెళ్ళే బండి అని మరిచిపోయి.

సరే, వేయించుకుంటాడు. ఏది వేయించుకోవాలి? నిజానికి ఇది పెద్ద ప్రశ్నే కాదు. 1979–85 మధ్య టొయోటా పికప్పుల కింద ఉన్న ఇరుసే ఉంది. అవే ఆరు బోల్టుల చక్రాలు, డిఫరెన్షియల్ అదే కుడిపక్క, సాదా లీఫ్ స్ప్రింగులు. ఒక మూడంగుళాలు ఇరుకు. అటూ ఇటూ స్పేసర్లు వేస్తే సరిపోతుంది. 33 అంగుళాల టైర్లను హాయిగా మోస్తుంది. 35 వేస్తానంటే లోపలి బర్‌ఫీల్డ్ జాయింట్లు గట్టి ఉక్కువి వేసుకోవాలి. వారాంతాల్లో అడవిదారి పట్టే మనిషికి ఇంతకు మించి అక్కర్లేదు.

అక్కర్లేనిదే కదా ముచ్చట! ‘అది చిన్నదోయ్, విరిగిపోద్ది’ అని ఎవడో అంటాడు. దాంతో డానా కంపెనీ ఇరుసు డానా 44 మీదికి మనసు పోతుంది. లోపలి రింగ్ గేరు ఎనిమిదిన్నర అంగుళాలు. దాని బేరం తెగేలోపే ఇంకొకడు డానా 60 అంటాడు. తొమ్మిదీ ముప్పావు అంగుళాల రింగ్ గేరు, ఒక టన్ను ట్రక్కుల కోసం చేసినది, తనే పావు టన్ను తూగుతుంది. 44 కంటే 60 పెద్ద అంకె. అది అంగుళాలూ కాదు, టన్నులూ కాదు, కంపెనీ పెట్టుకున్న నంబరు. అయినా పెద్దది పెద్దదే.

ఇక పాత ఇనప సామాను యార్డులో మనవాణ్ణి చూడాలి. గ్రీజు మడుగులో మోకాళ్ళూని, వైరు బ్రష్షుతో ఇరుసు గొట్టాన్ని రుద్దుతుంటాడు. తుప్పు రాలి అంకెలు బయటపడగానే ఫోను టార్చి వేసి గొణుక్కుంటూ చదువుతాడు. స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీలు కింగ్‌పిన్నా, బాల్ జాయింటా అన్నది తేలాలి. ఫోర్డువాళ్ళ డానా 60కి 1991 దాకా కింగ్‌పిన్; 1992 నుంచి బాల్ జాయింటు. మొదటిదానికి పోటీ, రెండోదానికి వెలి. ఆ వెలివేసిన బాల్ జాయింట్లే చలికాలమంతా ముందు మంచు నెట్టే నాగలి కట్టుకుని ఊళ్ళూళ్ళ రోడ్లు ఊడుస్తున్నాయి. పాపం, వాటికి కులం తక్కువ.

ఫోర్డు ఇరుసులో పినియన్, అంటే షాఫ్టు వచ్చి కలిసే చిన్న గేరు, ఎత్తుగా ఉంటుంది కనక ముందు షాఫ్టు రాళ్ళకు అందదు. అదే కావాలంటాడు. దాని డిఫరెన్షియల్ ఎడమపక్క. ఇంజను శక్తిని ముందుకూ వెనక్కూ పంచే టొయోటా ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్టు వచ్చేది కుడిపక్క. షెవ్రొలే డానా 60 అయితే కుడిపక్కే కానీ, పినియన్ కిందికి! కొన్నాళ్ళు నిద్ర పట్టదు. చివరికి ఫోర్డుదే కొని, ట్రాన్స్‌ఫర్ కేసు మార్పిస్తాడు.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చి, చివరికి సంసారి అయిన సన్యాసి గుర్తున్నాడా? ఆయన ఇప్పుడు వెల్డింగ్ షాపులో ఉన్నాడు. ముందు చక్రాలకు ఎనిమిది బోల్టులు, వెనక చక్రాలకు ఆరు. స్టెప్నీ ఏదో ఒక పక్కకే పనికొస్తుంది. అందుకని వెనక జనరల్ మోటార్స్ 14 బోల్ట్ యాక్సిల్. ముందూ వెనకా గేరు నిష్పత్తి కలవకపోతే ఫోర్ వీల్ వేయగానే బండి తనతో తనే కుస్తీ పడుతుంది. అందుకని రెంటికీ కొత్త గేర్లు. డ్రాగ్ లింకూ ట్రాక్ బారూ సమాంతరంగా లేకపోతే ప్రతి గుంతకీ స్టీరింగ్ దానంతటది తిరుగుతుంది. అందుకని కొత్త స్టీరింగ్. ఇంత ఇనుమూ కట్టాక 33 అంగుళాల టైర్లు బొమ్మ చక్రాల్లా ఉన్నాయని 40 అంగుళాలవి. ఆ బరువంతా లాగాల్సింది 116 హార్స్‌పవర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. పెట్రోలు బంకు దాటి మొదటి ఎత్తు ఎక్కేసరికే దాని ప్రాణం కడబట్టింది. అందుకని వీ8.

ఇంతా చేసి రోడ్డెక్కితే యాభై మైళ్ళ వేగంలో ముందు చక్రాలు వణకడం మొదలవుతుంది. ఇరుసులు మార్చేవాళ్ళు దాన్ని డెత్ వాబుల్ అంటారు. కాస్టర్ కోణం చూడాలి, కీళ్ళు బిగించాలి, ట్రాక్ బారు బోల్టు మార్చాలి. అన్నీ అయ్యాక కూడా ట్రెయిల్ దాకా నడుపుకుంటూ పోవడానికి ధైర్యం చాలదు. అందుకని ట్రైలరు కొన్నాడు. ట్రైలరు లాగడానికి ఫోర్డు ఎఫ్ 250 సూపర్ డ్యూటీ కొన్నాడు. ఏసీ ఉంది, వారంటీ ఉంది, ముందు చక్రాల మధ్య ఫ్యాక్టరీలోనే బిగించిన డానా 60 ఉంది. కాకపోతే బాల్ జాయింట్లది కదా, లెక్కలోకి రాదు.